గురుశిష్యుల సంవాదము: ఒక క్రైస్తవ కళాశాల ప్రాంగణంలో శాంతి సంస్కృతి

ఉపోద్ఘాతము

1999 సెప్టెంబరు 13న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ చేసిన ప్రకటనతో 'శాంతి సంస్కృతి' అనే మాట ప్రపంచమంతటా వ్యాప్తిలోకి వచ్చింది. 2000వ సంవత్సరాన్ని అంతర్జాతీయ శాంతి సంస్కృతి సంవత్సరంగా, 2001 నుండి 2010 వరకు గల కాలాన్ని ప్రపంచ బాలల కొరకు శాంతి, అహింసల దశాబ్దంగా సమితి పాటించింది. విద్యకు, సంభాషణకు ఆ ప్రకటన పెద్ద స్థానమే ఇచ్చింది. మాట కొత్తదైనా పని కొత్తది కాదు. నెల్లూరు సీమ మూలాలు గల ఒక తెలుగు విద్యార్థికి, ఆయన క్రైస్తవ గురువుకు మధ్య వందేళ్లకు పూర్వం జరిగిన సంవాదాన్ని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము. కళాశాల ప్రాంగణంలో శాంతి అభిప్రాయ భేదాలను దాచిపెట్టడం వలన రాదనీ, అధికారం గల పక్షము తనను కాదనేవాని మాటను న్యాయంగా తూచినప్పుడే వస్తుందనీ మా వాదన.

1. సూళ్లూరుపేట నుండి మద్రాసు వరకు

జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను తెలుగు సీమలో మొదట అడుగుపెట్టిన స్థలాలలో సూళ్లూరుపేట ఒకటి. ఆగస్టు మిలియస్ నాయకత్వంలో 1865లో ఇక్కడ పని ఆరంభమైంది. తరువాత నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి మొదలైన ఊళ్లకు వ్యాపించింది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్ మిషనరీల పని ఆగిపోగా, అమెరికాలోని ఒహాయో సినడ్ ఆ క్షేత్రాన్ని చేపట్టింది. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము 1945లో ఏర్పడినది ఈ వేరు నుండే.

ఈ మిషను తిరుపతిలో నడిపిన పాఠశాలలో 1896 నుండి 1900 వరకు చదువుకున్న బాలుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించినా, ఆయన పూర్వీకుల గ్రామం నెల్లూరు చేరువలోని సర్వేపల్లి. తిరుపతి తరువాత ఆయన వేలూరులోని ఊర్హీస్ కళాశాలలోను, 1904 నుండి మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివారు. అంటే ఎనిమిదవ యేట నుండి ఎం.ఏ. పట్టా వరకు ఆయన విద్యాభ్యాసమంతా క్రైస్తవ సంస్థలలోనే జరిగింది. దీనిని మనవారు అప్పుడప్పుడు గర్వంగా చెప్పుకుంటారు. ఆ బడులలో ఆయన మనసుకు తగిలిన గాయాన్ని మాత్రం అంతగా చెప్పుకోరు.

2. గాయము

మద్రాసు క్రైస్తవ కళాశాలకు 1837లో స్కాట్లండ్ మిషనరీ జాన్ ఆండర్సన్ పునాది వేశారు. 1862లో మద్రాసు చేరిన విలియం మిల్లర్ దానిని దక్షిణ భారతంలో పేరెన్నికగన్న విద్యాసంస్థగా తీర్చిదిద్దారు. వెంటనే బాప్తిస్మములు జరగడం కంటె, సమాజపు ఆలోచనలో సువార్త పులిపిండివలె పనిచేయడమే కళాశాల ఉద్దేశమని మిల్లర్ తలంచారు. అయినను అపనమ్మకం తొలగిపోలేదు. మతం మార్పిస్తున్నారన్న అనుమానంతో 1888లో ఆ కళాశాల విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఒకే ప్రాంగణంలో కూర్చొని చదివినంత మాత్రాన శాంతి కలగదని ఆ సంఘటన చూపింది.

రాధాకృష్ణన్ చేరేనాటికి అల్లరి సద్దుమణిగింది గాని విమర్శ సద్దుమణగలేదు. హిందూ మతం ఆలోచనలో అసంగతమనీ, నీతిలో బలహీనమనీ క్రైస్తవ ఉపాధ్యాయులు విమర్శించేవారు. ప్రపంచం మాయ అయితే మంచి చెడులకు అర్థమేమిటన్నది వారి ముఖ్య ప్రశ్న. తన విశ్వాసానికి ఆధారంగా ఉన్నవన్నీ ఆ విమర్శలతో కదిలిపోయాయనీ, క్రైస్తవ విమర్శకుల సవాలే తనను హిందూ మత అధ్యయనానికి పురికొల్పిందనీ రాధాకృష్ణన్ తరువాతి కాలంలో వ్రాసుకున్నారు.

పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ న్యాయస్థానానికే పరిమితం కాదు. పొరుగువాని మతాన్ని గురించి మనం చెప్పే మాట కూడా సాక్ష్యమే. అందులోని మేలును దాచి, కీడును మాత్రమే ఎంచి చెప్పినయెడల అది సువార్త సేవ కాజాలదు.

3. హాగ్, రాధాకృష్ణన్

ఈ చరిత్రలో మలుపు తెచ్చినవాడు ఆల్‌ఫ్రెడ్ జార్జ్ హాగ్. స్కాట్లండ్‌లో దైవజ్ఞాన విద్య నభ్యసిస్తూ, సందేహాల వలన దానిని మధ్యలో విడిచి, మరల విశ్వాసంలో స్థిరపడిన వ్యక్తి ఆయన. 1903లో తత్వశాస్త్రం బోధించడానికి మద్రాసు వచ్చారు. కర్మ సిద్ధాంతాన్ని, క్రైస్తవ విమోచన సిద్ధాంతాన్ని పక్కపక్కన పెట్టి కళాశాల పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసాలు 1909లో గ్రంథరూపం దాల్చాయి. రెండు మతాలు ఒకటేనని హాగ్ అనలేదు. భేదాన్ని పదును తగ్గించకుండా చెప్పారు. అయితే ఎదుటివాని సిద్ధాంతపు బలమైన రూపంతోనే వాదించారు, బలహీన రూపాన్ని ఎన్నుకోలేదు.

ఎం.ఏ. పరీక్ష కొరకు రాధాకృష్ణన్ వేదాంత నీతిని గురించి సిద్ధాంత వ్యాసం వ్రాశారు. 1908లో అది అచ్చయింది. వేదాంతంలో నీతికి తావు లేదన్న విమర్శకు అది సూటి సమాధానం. ఇరవై యేండ్ల విద్యార్థి తన గురువులు నమ్మినదానికి ఎదురు వ్రాసి, హాగ్ నొచ్చుకుంటారేమోనని భయపడ్డాడు. హాగ్ నొచ్చుకోలేదు. ఆ వ్యాసం తత్వ సమస్యపై విశేషమైన అవగాహనను, చిక్కు వాదాన్ని సులువుగా నడిపే శక్తిని చూపుచున్నదని యోగ్యతాపత్రం ఇచ్చారు.

చూడటానికి ఇది చిన్న కార్యమే. గురువు తన విశ్వాసాన్ని విడువలేదు, శిష్యుడు తన మతాన్ని విడువలేదు. ఒకరు రెండవవారిని ఒప్పించిన దాఖలా లేదు. కాని మార్కులు వేసే కలము ఎవరి చేతిలో ఉన్నదో ఆ చేయి వంకర పోలేదు. మేము శాంతి సంస్కృతి అంటున్నది దీనినే.

4. ప్రాంగణము దాటిన ఫలము

1931 నుండి 1936 వరకు రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1948-49లో ఆయన అధ్యక్షత వహించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషను, కళాశాలలు కొన్ని నిమిషాల మౌన ధ్యానంతో దినచర్య ప్రారంభించాలని సూచించింది. డిగ్రీ మొదటి యేట బుద్ధుడు, యేసు, మహమ్మదు, శంకరుడు, కబీరు, నానక్ మొదలైనవారి జీవితాలను, రెండవ యేట లోక మతగ్రంథాల నుండి ఎంపిక చేసిన భాగాలను, మూడవ యేట మత తత్వశాస్త్ర సమస్యలను బోధించాలన్నది. తన మతాన్ని ఇతరుల నోట నిందగా విన్న విద్యార్థి, పెద్దవాడై, ఏ విద్యార్థీ అట్లు వినకుండునట్లు చేసిన ప్రయత్నంగా ఈ సిఫార్సును చదువవచ్చును.

హాగ్ సైతం తన దారిలో ముందుకు సాగారు. కళాశాల 1937లో తాంబరానికి మారింది. 1938 డిసెంబరులో అదే ప్రాంగణంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. క్రీస్తునందలి దేవుని ప్రత్యక్షతకు, మానవ మతాలకు నడుమ కొనసాగింపు లేదని హెండ్రిక్ క్రేమర్ వాదించగా, ఇతర మతస్థులలో అన్వేషణ మాత్రమే గాక దేవుని నిజంగా కనుగొనుట కూడా లేదా అని హాగ్ ప్రశ్నించారు. 1886లో నెల్లూరులో జన్మించి, అదే కళాశాలలో చదివి క్రైస్తవ తత్వవేత్తగా ఎదిగిన పాండిపెద్ది చెంచయ్య కూడా తన మిత్రులతో కలిసి ఆ యేడే ఒక గ్రంథం ద్వారా క్రేమర్‌కు బదులిచ్చారు. ఆ తరగతి గదులలో అలవడిన ప్రశ్నించే గుణము సంఘానికి కూడా మేలు చేసింది.

5. ఈ సంవాదపు లోటు

ఈ చరిత్రను పొగడ్తతో ముగించడం న్యాయం కాదు. హాగ్, రాధాకృష్ణన్‌ల మధ్య చర్చ విద్యావంతులైన ఇద్దరి చర్చ. సూళ్లూరుపేట చుట్టుపట్ల లూథరన్ సంఘములలో చేరినవారిలో అధికులు మాలపల్లెల, మాదిగపల్లెల ప్రజలు. వారికి మొదటి ప్రశ్న మాయావాదం కాదు. బావి దగ్గర నీళ్లు, బడిలో చోటు. ఆ ప్రశ్న అప్పటి మద్రాసు తత్వశాస్త్ర గదిలో వినబడలేదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం, ఆ ప్రశ్న ప్రాంగణాలలో ఇంకను జవాబు కొరకు నిలిచియున్నదని దేశానికి గుర్తుచేసింది. కులాన్ని పక్కన పెట్టి మతాలను గురించి మాత్రమే మాట్లాడే సంభాషణ సగం సంభాషణే.

ముగింపు

అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో సమాజమందిరంలోను, సంతవీధిలోను తర్కించాడు. పట్టణమంతా విగ్రహాలతో నిండియుండుట చూచి అతని ఆత్మ కలత చెందినను, అరేయొపగులో వారి భక్తిని గుర్తించి, వారి కవుల మాటతోనే మాట్లాడాడు (అపొ.కా. 17). మన నిరీక్షణకు హేతువు చెప్పునప్పుడు మృదువుగా, గౌరవంతో చెప్పవలెనని పేతురు బోధించాడు (1 పేతురు 3:15). హాగ్ చేసినది ఈ ఉపదేశానికి దూరమైనది కాదు.

నేడు పరిస్థితి తిరగబడింది. సూళ్లూరుపేట నుండి లోకల్ రైలెక్కి చెన్నైకో, బస్సెక్కి తిరుపతికో చదువుకు పోయే మన సంఘ యువతీయువకులు అనేక ప్రాంగణాలలో అల్పసంఖ్యాకులు. తమ విశ్వాసాన్ని గురించిన తేలిక మాటను వినవలసి వచ్చేది ఇప్పుడు వారు. ఆనాడు రాధాకృష్ణన్‌కు తగిలినది వీరికీ తగలవచ్చు. ఆయనకు దొరికినట్టి గురువు వీరికీ దొరకాలని మనం కోరుకుంటాము. ఆ కోరిక న్యాయమైనదే. కాని దానిని కోరే హక్కు మనకు నిలవాలంటే, మన యాజమాన్యంలోని బడులలో, కళాశాలలలో, వసతి గృహాలలో, మన వేదాంత కళాశాలల ఇతర మతాల తరగతులలో సహా, మనలను కాదని వ్రాసిన విద్యార్థి జవాబు పత్రాన్ని మనం ఎట్లు దిద్దుచున్నామో ముందుగా పరీక్షించుకొనవలెను.