రికార్డులకెక్కిన రంగస్థల పద్యము

కొండవీటి దుర్గమునకు చేరువనున్న ఎడ్లపాడు సీమలో నాటకమనిన పద్యమే. ‘వన్సుమోరు’ అను కేక పడనిదే నటునకు తృప్తి లేదు, ప్రేక్షకునకును లేదు. అట్లు మన్నన పొందిన పద్యములను ఏరి, ఒక్కచో కూర్చి, యంత్రముపై మరల మరల వినుట నేటి వీడియో డిస్కులతో ఆరంభమైనది కాదు. దాని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున వచ్చిన ఫ్రెడరిక్ గైస్‌బర్గు కలకత్తాలో గౌహర్ జాన్ గానమును రికార్డు చేసెను. 1908లో ఆ నగరముననే రికార్డుల కర్మాగారము వెలసెను. నిమిషమునకు 78 సార్లు తిరుగు ఆ లక్క రికార్డు ఒక్కొక్క వైపున ఇంచుమించు మూడు నిమిషముల గానమే పట్టును. తెల్లవారుదాక సాగు నాటకమునకు మూడు నిమిషములేపాటి? కనుక పద్యమును కథనుండి విడదీసి, రాగమును కుదించి పాడవలసివచ్చెను. నాటకములను కొన్ని రికార్డుల సెట్టుగా వెలువరించుటయు జరిగినది గాని, జనుల నోళ్లలో నిలిచినవి విడి పద్యములే. తిరుపతి వేంకటకవుల రాయబార పద్యములు అక్షరము రానివారికిని కంఠస్థములైనవి.

ఈ మేలులోనే ఒక లోపమును కలదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881–1953) సత్యహరిశ్చంద్రీయమునకు కాటిసీను ప్రాణము. ఆ సీనులో నటులు, 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువా ‘శ్మశానవాటి’ పద్యములను చేర్చుకొనిరి. అవి నాటకకర్త రచనలే యని నమ్మినవారెందరో! అంటరానితనపు బాధను స్వయముగా అనుభవించిన కవి వాక్కు, మృత్యువునెదుట రాజును పేదయు ఒక్కటే యని చాటుచు, ఊరూర ప్రతిధ్వనించెను. వాక్కు అందరిని చేరెను. కవి పేరు అందరిని చేరలేదు. పల్నాటి బిడ్డడైన కవి విషయమున ఇది మరువరాని సంగతి.

గ్రామఫోను కంఠమునిచ్చెను గాని రూపమునీయలేదు. బాపట్లలో 1902లో జన్మించి, స్త్రీపాత్రలకు ప్రసిద్ధుడై, 1956లో పద్మశ్రీ పొందిన స్థానం నరసింహారావు సత్యభామ నడకను ఏ లక్క రికార్డు చూపగలదు? కరుణశ్రీ పుష్పవిలాపమును రికార్డుపై వినిపించి ఆంధ్రదేశమును కంటతడి పెట్టించిన ఘంటసాల సైతము శ్రోతలకు ప్రధానముగా కంఠమే. 1960 నాటి శ్రీవేంకటేశ్వరమహాత్మ్యము చిత్రమున ఆయనయే తెరపై కూర్చుండి ‘శేషశైలావాస’ పాడిన దృశ్యము అందుచేతనే అమూల్యమైనది.

1948లో లాంగుప్లే రికార్డును, 1963లో క్యాసెట్టును వెలువడి నిడివి కొరతను తీర్చెను. 1993లో వీడియో సీడీయు, 1996లో డీవీడీయు వచ్చుటతో రూపమును కంఠమును ఒక్క పళ్లెరముపై నిలిచినవి. పద్యనాటకముల వీడియో సీడీలు ఊళ్లలోని అంగళ్లకు వచ్చెను. కిరీటము, గద, హార్మోనియము, అన్నియు ఇంటికి వచ్చెను. అయినను కూర్పు కూర్పే. ప్రసిద్ధమైన పద్యము మిగులును. దానికి ముందరి కథయు, వెనుకటి కవియు మరుగుపడుదురు.

పైగా యంత్రము మారినపుడెల్ల పాతది మూగవోవును. సూది లేని గ్రామఫోను, టేపు తెగిన క్యాసెట్టు, ఆడించు పెట్టె కరవైన డిస్కు, మూడింటిదియు ఒకే గతి. గ్రంథమునకు ఆ ఆపద లేదు, తెరచినంతనే పలుకును. కనుక గ్రంథాలయపు బీరువాలో హరిశ్చంద్రీయము ప్రక్కన జాషువా ఖండకావ్యములు ఉండవలెను. డిస్కుపై పద్యము విని మురిసిన పిల్లవాడు ఆ పుటను తెరచి, ఇది వినుకొండ కవి వ్రాసినదని తెలిసికొనిన నాడు, కంఠమునకు దక్కిన కీర్తిలో కవికి రావలసిన భాగము కవికి చేరును.