చైత్రం వేట, ఆడవాళ్ల ఖాతా

మన సమాఖ్య నివేదికలో ఏటా పట్టికలు ఉంటాయి. ఎన్ని సంఘాలు, ఎంత పొదుపు, ఎంత అప్పు, ఎంత వసూలు అని. తీరం ఊళ్ల సంఘాల వరుస దగ్గరకొచ్చేసరికి మాత్రం ప్రతి ఏడూ ఒకటే మాట: మే, జూన్ నెలల్లో వాయిదాలు ఆగాయి. పై ఊళ్ల అక్కలు కొందరు దీన్ని చూసి, "చేపలమ్ముకునే వాళ్లకి రోజూ చేతిలో డబ్బు ఆడుతుంది కదా, కట్టడానికేటి?" అని మీటింగుల్లో అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. జవాబు చెప్పాలంటే మాత్రం మాఘం నుంచి చైత్రం దాకా మన సముద్రం ఏం చేస్తుందో, ఆ కాలపు చేపతో మన ముందుతరం ఆడవాళ్లు ఏం చేశారో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

చాలా వెనక్కే వెళ్దాం. 1780ల్లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్యాట్రిక్ రసెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. పాముల మీద ఆయన చేసిన పని గురించి కొందరు విని ఉంటారు. ఆయనే ఇక్కడి రేవులో దొరికిన చేపలకు బొమ్మలు గీయించి, వివరాలు రాసుకుని, 1803లో లండన్‌లో రెండు వందల చేపల పుస్తకం అచ్చువేయించాడు. అందులో చేపలకు పెట్టిన పేర్లు చాలావరకు మన పేర్లే. మనం కానాగంత అనే చేపను కానగుర్త అని రాశాడు. ఆ తర్వాత 1816లో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త కువియే ఆ మాటనే శాస్త్రీయ నామంలోకి తీసుకున్నాడు. ఈవేళ ప్రపంచంలో ఏ మూల ఈ చేప మీద కాగితం రాసినా రాస్ట్రెల్లిజర్ కానగుర్త అనే రాయాలి. పులస పేరు కూడా ఆ పుస్తకంలో ఉంది. రేవులో పట్టినవాళ్లో అమ్మినవాళ్లో నోటితో చెప్పకపోతే ఆ పేర్లు ఆ దొరకు తెలిసే దారి లేదు. కాబట్టి "మన చదువు లేని ఆడవాళ్లు" అని ఎవరైనా అంటే ఈ కానాగంత సంగతి చెప్పండి.

ఆ కానాగంతలు మన ఉత్తరాంధ్ర ఒడ్డుకు గుంపులుగా వచ్చేది చలి తగ్గి ఎండ ముదిరే లోపలే. కవ్వలు, నెత్తళ్లు కూడా అదే కాలంలో ఒడ్డు దగ్గరికి చేరతాయి. ఎందుకన్నది మన పెద్దవాళ్లు గాలిని బట్టి, నీళ్ల రంగును బట్టి చెప్పేవారు. శివరాత్రి దాటాక గాలి దక్షిణం వైపు నుంచి తిరుగుతుంది. చలికాలంలో దక్షిణానికి లాగిన నీరు ఇప్పుడు ఉత్తరానికి లాగుతుంది. వలవేసిన చోట ఒకటి, తేలిన చోట ఒకటి. కొన్ని రోజులు నీళ్లు పచ్చబడి, ఎండ మండుతున్నా కాలికి చల్లగా తగులుతాయి. అలాంటి రోజుల్లో వేట బాగుంటుందని వాళ్ల లెక్క.

ఆ లెక్కకు కారణం 1950ల్లో తేలింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త, ఇక్కడి విద్యార్థులతో కలిసి వాల్తేరు ఎదుటి సముద్రంలో నీటి వేడిమి, ఉప్పదనం లోతు లోతుకీ కొలిచాడు. మన ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. వసంతకాలపు గాలి ఆ ఒడ్డు వెంబడే వీస్తుంది. భూమి తిరగడం వల్ల గాలి తోసిన పైనీరు నేరుగా ముందుకు పోకుండా కుడివైపుకి, అంటే లోసముద్రానికి, జరిగిపోతుంది. జరిగిన చోటుకి అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. అడుగున పేరుకున్న సత్తువంతా దాంతో పైకొస్తుంది. దానికి ఎండ తగిలితే కంటికి కనపడని నాచు పెరుగుతుంది. నాచును తినే సన్న పురుగులు, వాటిని తినే కవ్వలు, నెత్తళ్లు, వాటి వెనక వంజరం, సొర్ర. పెద్దవాళ్లు చెప్పిన పచ్చనీళ్లు, చల్లనీళ్లు ఇవే.

పొలానికి ఎరువు వేసినట్టే ఇది. తేడా ఏమిటంటే ఈ ఎరువు ఏ రోజు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. గాలి వారం రోజులు ఆగిందంటే వేట ఆగినట్టే.

వసంతకాలపు చేపకు ఇంకో గుణం ఉంది, ఇది పూర్తిగా ఆడవాళ్ల సంగతి. వానల్లో పడిన చేప ఎండదు, పురుగు పడుతుంది. మాఘం దాటాక ఆకాశం తెరిపిగా ఉంటుంది, ఇసక వేడెక్కుతుంది, నెత్తళ్లు ఒకటి రెండు రోజుల్లో గలగలలాడతాయి. సుమారు నాలుగు కిలోల పచ్చి నెత్తళ్లు ఎండితే కిలో వస్తాయి. బరువు తగ్గితే గంపలో ఎక్కువ పడుతుంది, గంపలో పడితే దూరం సంతకి పోవచ్చు. ఐసు లేని రోజుల్లో పచ్చిచేప నడిచిపోగలిగినంత దూరమే పోయేది. ఎండుచేప కొండ కింద సంతలదాకా పోయి, ధాన్యం, చింతపండు, పసుపు అయి తిరిగొచ్చేది. అందుకే మగవాళ్ల వేట నాలుగు నెలలది అయితే ఆడవాళ్ల వేట ఏడాది పొడుగునా. వానాకాలంలో పొయ్యి వెలిగేది చైత్రంలో ఎండేసిన చేప మీదే.

దీనికి అడ్డం పడింది ఉప్పు. సన్నచేప ఉప్పు లేకుండానే ఎండుతుంది గానీ, సొర్ర, వంజరం, సావళ్లు లాంటివి ఉప్పు పట్టకపోతే కుళ్లిపోతాయి. ఉప్పు మీద బ్రిటిష్ వాళ్ల ఏకస్వామ్యం, పన్ను కలిసి దాని ధర చేప ధరని మించిపోయేలా చేశాయి. ఒడ్డున ఉప్పు పేరుకున్న మట్టిని గీకి వాడుకున్నా నేరమే. సముద్రం పక్కన పుట్టి, ఉప్పుకి కరువైన బతుకు. సర్జన్ ఫ్రాన్సిస్ డే అనే అధికారి దేశమంతా తిరిగి 1873లో సముద్రపు చేపల మీద నివేదిక ఇచ్చాడు. ఉప్పు పన్ను చేపల పనిని ఎలా నొక్కేస్తోందో అందులో రాశాడు. ఆ తర్వాత మద్రాసు రాజధానిలో తీరం వెంబడి ఉప్పుచేపల యార్డులు వెలిశాయి. కంచె వేసిన ఆవరణలోకి చేప తెచ్చుకుంటే, అక్కడ తక్కువ ధరకి ఉప్పు ఇస్తారు, అక్కడే ఉప్పు పట్టించి బయటికి తీసుకెళ్లాలి. ఉప్పు గడప దాటకుండా కాపలా. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ చొరవతో మద్రాసులో మత్స్యశాఖ పుట్టాక ఈ యార్డుల పని శుభ్రంగా జరగాలని ప్రయత్నాలు జరిగాయి.

1930 ఉప్పు సత్యాగ్రహాన్ని మనం గాంధీగారి కథగా చదువుకుంటాం. మంచిదే. అయితే మన రేవు ఊళ్లలో అది చేప కుళ్లడమా, నిలవడమా అన్న లెక్క కూడా అని పాఠాల్లో ఎక్కడా లేదు. ఆ వాక్యం ఉండాల్సింది.

పడవల సంగతి తొందరగా చెప్తాను, అది అందరికీ తెలిసిందే. మొదట దుంగలు కట్టిన తెప్ప, పలకలు కుట్టిన నావ. ఒడ్డునుంచి లాగే అలివి వలలో ఊరంతా చెయ్యి వేసేది, లాగినవాళ్లకి వాటా ఉండేది. 1960ల్లో ఇంజను బోట్లు వచ్చాయి, 1970ల్లో విశాఖ చేపల రేవు వచ్చింది, ఎగుమతి రొయ్యకి ధర వచ్చింది. ఆ తర్వాత సోనా బోట్లు, రోజుల తరబడి లోపలే ఉండి వేటాడే పెద్ద ట్రాలర్లు. 1980ల నుంచి తెప్పలకీ మోటార్లు తగిలించారు, దుంగల బదులు ఫైబర్ వచ్చింది. సన్నవాళ్ల వలల్ని ట్రాలర్లు చింపేస్తున్నాయని గొడవలు ముదిరాక 1994లో రాష్ట్రం సముద్ర వేట నియంత్రణ చట్టం తెచ్చింది. ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే అన్నారు. నీటి మీద గీత గీయడం సులువు, కాయడం కష్టం.

ఇందులో ఆడవాళ్లకి జరిగింది వేరే. తెప్ప ఊరి ఒడ్డుకే వచ్చేది, ఇంటావిడ చేతికే చేప వచ్చేది, ధర ఆమె చెప్పేది. బోటు రేవుకి పోతుంది. రేవులో పాట పాడి కొనాలి. పాటకి రొక్కం కావాలి. చేప మన మొగుడు పట్టిందే అయినా మనం కొనుక్కోవాల్సి వచ్చింది. సావుకారు దగ్గర పొద్దున్న తీసుకుని సాయంత్రం ఇచ్చే అప్పు అప్పుడే బలపడింది. వెయ్యి రాసుకుని తొమ్మిదివందలు చేతిలో పెడితే, సాయంత్రానికి వెయ్యి ఇవ్వాలి. ఏడాది వడ్డీ కట్టి చూడమంటే మన బుక్‌కీపర్లకి కూడా కళ్లు తిరుగుతాయి. 1982లో మొదలై 1990ల్లో మన రాష్ట్రంలో ఊరూరా పాకిన డ్వాక్రా సంఘాలు తీరంలో నిలబడ్డాయంటే, పొదుపు మీద ప్రేమకన్నా ముందు ఈ పాట డబ్బు కోసమే అని నా నమ్మకం.

ఇక వేట నిషేధం. 2000 ప్రాంతం నుంచి మన తీరంలో వేసవిలో బోట్ల వేట ఆపుతున్నారు. మొదట్లో ఏప్రిల్ 15 నుంచి మే 31 దాకా 47 రోజులు ఉండేది. 2015 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు. చాలా రకాల చేప, రొయ్య గుడ్డు పెట్టే కాలం కాబట్టి ఆపాలన్నది కారణం. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా ఆపుతారు. మన దగ్గర పెద్దవాళ్లు దీని మీద రెండు మాటలు చెప్తారు. చేప గుడ్డు పెట్టేది ఒకే నెలలో కాదు, రకానికొక కాలం అంటారు. నిషేధం లేకపోతే ట్రాలర్లు పిల్లని కూడా మిగల్చవని కూడా వాళ్లే అంటారు. రెండూ నిజమే. జూన్‌లో వేట మొదలైన మొదటి వారం బోటు నిండా రావడం చూసినవాళ్లెవరూ నిషేధం ఎత్తేయమని అడగరు.

మోటారు లేని తెప్పకి నిషేధం వర్తించదు. ఆ రెండు నెలలు ఒడ్డున పడే కాస్త చేపకి మంచి ధర పలుకుతుంది. కానీ మోటారు లేని తెప్పలు ఎన్ని మిగిలాయి? నడిపే ఒళ్లు ఎన్ని మిగిలాయి? పైగా ఏప్రిల్, మే నెలలు తుఫాన్లు పుట్టే నెలలు కూడా. 1990 మే తుఫాను కృష్ణా జిల్లా తీరాన్ని ఏం చేసిందో ఇంకా మరవలేదు.

నిషేధానికి పరిహారం ఉంది. ఒకప్పుడు 4,000 రూపాయలు, 2019 నుంచి 10,000, 2025లో 20,000 చేశారు. పెంచడం మంచి పని, కాదనే వాళ్లు లేరు. అయితే ఈ డబ్బు లెక్క కట్టేది సముద్రంలోకి వెళ్లేవాళ్ల తలల మీద. సరంగు, కలాసీ పేర్లు జాబితాలో ఉంటాయి. రేవులో పాట పాడి కొనే ఆమె, ఎండేసే ఆమె, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆమె జాబితాలో లేరు. వాళ్లకీ ఆ 61 రోజులూ చేప లేదు. మొగుడున్న ఇంట్లో ఆ డబ్బు ఇంటికే వస్తుంది అనుకుందాం. తీరం సంఘాల్లో ఒంటరి ఆడవాళ్లు, మొగుడు సముద్రంలో పోయినవాళ్లు ఎంతమందో సభ్యుల రిజిస్టరు తీస్తే తెలుస్తుంది. వాళ్ల ఇంటికి ఎవరి పేరు మీద రావాలి?

ఇప్పుడు పట్టిక దగ్గరికి తిరిగి వద్దాం. బ్యాంకు లింకేజీ అప్పు నెలనెలా ఒకే మొత్తం కట్టాలి. పాడి గేదె కొన్నవాళ్లకి, కిరాణా పెట్టినవాళ్లకి అది సరిపోతుంది. చేపల ఖాతా అలా నడవదు. శివరాత్రి నుంచి కొత్త అమావాస్య దాటి ఏప్రిల్ 14 దాకా చేతిలో డబ్బు బాగా ఆడుతుంది. ఆ తర్వాత రెండు నెలలు సున్నా. అదే సమయంలో బడి ఫీజులు, పుస్తకాలు. మే వాయిదా తప్పుతుంది, జూన్‌ది తప్పుతుంది. సకాలంలో కట్టిన సంఘానికే వడ్డీ రాయితీ కాబట్టి అది పోతుంది. పది నెలలు నిక్కచ్చిగా కట్టిన సంఘం రెండు నెలల వల్ల బలహీనమైన సంఘం కింద పడుతుంది. పై ఏడు అప్పు తగ్గిస్తారు. పాట డబ్బు తగ్గితే మళ్లీ సావుకారే.

కొన్ని సంఘాలు దీనికి తమ దారి తాము వెతుక్కున్నాయి. మాఘం, ఫాల్గుణం నెలల్లో వారానికోసారి అదనపు పొదుపు వేసి, దాన్ని ముట్టుకోకుండా మే, జూన్ వాయిదాలకి పెట్టుకుంటున్నాయి. ఇంకొందరు మార్చిలో నెత్తళ్లు చవగ్గా ఉన్నప్పుడు సంఘం డబ్బుతో కలిసి కొని, ఇసక మీద కాకుండా వెదురు తడికెల మీద, వలల మీద ఎండేసి నిలవ చేస్తున్నారు. ఇసక లేని నెత్తళ్లకి సంతలో ధర ఎక్కువ. వేట లేని రోజుల్లో ఇంకా ఎక్కువ. ఇది కొత్త తెలివేమీ కాదు, ఐసు రాకముందు వాళ్ల అమ్మమ్మలు చేసిందే. ఇప్పుడు తూకం రాస్తున్నారు, వాటా రాస్తున్నారు, అంతే తేడా.

ఈ ఏడు తీరం సంఘాల తరఫున సమాఖ్య ముందు పెట్టదలిచిన అంశాలు రెండు. ఒకటి, చేపల పని చేసే సంఘాల వాయిదాలను పన్నెండు నెలలకి కాక పదికి పంచి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎక్కువ, నిషేధం నెలల్లో ఏమీ లేకుండా కట్టించుకోమని బ్యాంకుని అడగడం. పంటకి కోత చూసి అప్పు వసూలు చేసే అలవాటు బ్యాంకులకి ఉన్నదే. రెండోది, చేపలు కొని అమ్మే, ఎండేసే ఆడవాళ్ల జాబితా ఊరు వారీగా మనమే తయారు చేయడం. అందులో పేరు, వయసుతోపాటు ఏ రేవులో కొంటారో, ఏ సంతకి పోతారో, పచ్చిచేపో ఎండుచేపో కూడా రాయాలి. కాగితం మార్చి నెలాఖరులోపు పూర్తి కావాలి, ఏప్రిల్ 15 తర్వాత చాలామంది పనుల కోసం ఊళ్లు దాటిపోతారు.