ప్రాంతీయ రవాణా ప్రణాళికలో ప్రజల భాగస్వామ్యం

ఒక నగరానికి, దాని చుట్టుపక్కల ఊళ్లకు రాబోయే ఇరవై ఏళ్లలో ఏ రోడ్లు, రైళ్లు, బస్సులు కావాలో తేల్చేటప్పుడు అక్కడి జనాన్ని, వ్యాపారులను, స్థానిక సంస్థలను, రవాణా సంస్థలను సంప్రదించే పద్ధతి ఇది. చట్టాల్లో వివరంగా రూపుదిద్దుకున్నది అమెరికాలో. అధికారులు ముచ్చటపడి మొదలుపెట్టినది మాత్రం కాదు. ఇళ్లు పోగొట్టుకోబోతున్నవాళ్లు వీధుల్లోకి వచ్చి సాధించుకున్నారు.

నిజానికి బహిరంగ విచారణ అన్నది అంతకుముందే కాగితం మీద ఉంది. ఊళ్ల మీదుగానో, ఊరిని తప్పించి పక్కనుంచో వేసే రోడ్లకు విచారణ జరపాలని 1950 నాటి ఫెడరల్ రహదారుల చట్టం షరతు పెట్టింది. ఆ రోడ్డు వల్ల కలిగే ఆర్థిక ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవాలనీ చెప్పింది. బైపాస్ పడితే బేరాలు పోతాయన్న బజారు వ్యాపారుల భయం దాని వెనక ఉంది. ఆచరణలో మాత్రం రోడ్డు ఎక్కడినుంచి పోవాలో ఇంజినీర్లు గీత గీసేసిన తర్వాతే సభ పెట్టేవారు. పెళ్లి ముహూర్తం పెట్టేసి, అప్పుడు పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టుండేది ఆ తంతు.

1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల పని ఊపందుకుంది. ఖర్చులో 90 శాతం కేంద్రానిది. వంద డాలర్ల రోడ్డు పది డాలర్లకు వస్తుంటే ఏ రాష్ట్రం కాదంటుంది? పొలాల్లో సాఫీగా సాగిన రోడ్లు నగరాల్లోకి వచ్చేసరికి పేదల ఇళ్లు, నల్లజాతివారి పేటలు, పార్కులు అడ్డం వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1959 జనవరిలోనే నగర పాలక మండలి పది ఫ్రీవేల ప్రణాళికలో ఏడింటిని తిరస్కరించింది. సముద్రతీరాన సగం కట్టి ఆపేసిన ఎంబర్‌కాడెరో ఫ్రీవే 1989 భూకంపంలో దెబ్బతింది. దాన్ని 1991లో కూల్చేశారు.

1962 చట్టం యాభై వేలు దాటిన జనాభా ఉన్న పట్టణ ప్రాంతాలన్నిటికీ ఒక నిబంధన తెచ్చింది. రోడ్లకు కేంద్ర నిధులు కావాలంటే రాష్ట్రమూ, స్థానిక సంస్థలూ కలిసి సమగ్రమైన ప్రణాళిక వేసుకోవాలి, దాన్ని ఆపకుండా కొనసాగించాలి. ప్రాంతీయ ప్రణాళిక అన్న వ్యవస్థకు పునాది ఇదే. అయితే ఈ సహకారం ప్రభుత్వాల మధ్య సహకారమే. జనం ఊసు అందులో లేదు.

ఆ ఊసు వినిపించింది బోస్టన్‌లో. అక్కడి 1948 రహదారి ప్రణాళికలో నగరం నడిబొడ్డును చుట్టే ఇన్నర్ బెల్ట్, నైరుతి దిక్కునుంచి లోపలికి దూసుకొచ్చే ఎక్స్‌ప్రెస్‌వే ఉన్నాయి. 1960ల మధ్యకల్లా రాక్స్‌బరీ, జమైకా ప్లెయిన్ పేటల్లో ఇళ్లు పడగొట్టడం మొదలైంది. పక్కనే ఉన్న కేంబ్రిడ్జిలోని కార్మిక కుటుంబాలు, ఎంఐటీ, హార్వర్డ్‌లలో ప్రణాళికా శాస్త్రం తెలిసినవాళ్లు ఒక్కటయ్యారు. ఇంజినీర్ల లెక్కలకు లెక్కలతోనే జవాబు చెప్పగలగడం ఈ ఉద్యమానికి కలిసొచ్చింది. 1969 జనవరి 25న రహదారులకన్నా మనుషులు ముందు అంటూ రాష్ట్ర శాసనసభా భవనం ముందు నల్లవారూ తెల్లవారూ కలిసి గుమిగూడారు.

మసాచుసెట్స్ గవర్నరు ఫ్రాన్సిస్ సార్జెంట్ ఒకప్పుడు అదే రాష్ట్రంలో ప్రజా పనుల శాఖ కమిషనరు. ఈ రోడ్ల ప్రణాళికలను ముందుకు నడిపినవాళ్లలో ఆయనా ఒకరు. 1970 ఫిబ్రవరి 11న టీవీలో మాట్లాడుతూ, బోస్టన్ పరిసరాల్లో కొత్త ఎక్స్‌ప్రెస్‌వేల పనులు చాలావరకు ఆపేస్తున్నామని, పాత విధానం తప్పని ఒప్పుకున్నారు. పదవిలో ఉన్న నాయకుడు అలా అనడం ఏ దేశంలోనైనా అరుదు.

ఆ తర్వాత జరిగిన పని ఇంకా విలువైనది. రాజనీతి శాస్త్రవేత్త అలన్ ఆల్ట్‌షూలర్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న బోస్టన్ రవాణా ప్రణాళికా సమీక్ష దాదాపు పద్దెనిమిది నెలలు సాగింది. పేటల సంఘాలు, పురపాలక సంఘాలు, వ్యాపారులు, పర్యావరణ సంస్థలు నిపుణులతో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఇంజినీరింగ్ వివరాలు అర్థం చేసుకోవడానికి వాళ్లకు సాంకేతిక సాయం అందింది. అన్నిటికన్నా ముఖ్యం, అసలు రోడ్డే వేయకపోవడం కూడా పరిశీలించదగ్గ ప్రత్యామ్నాయాల్లో ఒకటిగా నిలిచింది. 1972 నవంబరులో సార్జెంట్ ఇన్నర్ బెల్ట్‌నూ, నైరుతి ఎక్స్‌ప్రెస్‌వేనూ రద్దు చేశారు. రోడ్డుకు వచ్చిన కేంద్ర నిధిని ప్రజా రవాణాకు మళ్లించుకునే వీలు 1973 చట్టం కల్పించింది. అందుకోసం మసాచుసెట్స్ నాయకులు గట్టిగానే పట్టుపట్టారు. ఇళ్లు కూల్చిన ఆ ఖాళీ జాగాలో 1987 మేలో ఆరెంజ్ లైన్ రైలు మొదలైంది, పక్కనే పొడవాటి పార్కు వచ్చింది.

కథ అందరికీ సుఖాంతం కాలేదు. కొత్త మార్గం కోసం వాషింగ్టన్ వీధి మీద వంతెనపై నడిచే పాత రైలును తీసేశారు. అంతకు సమానమైన సేవ కల్పిస్తామన్న మాట నమ్మిన రాక్స్‌బరీ వాసులకు 2002లో దక్కింది సిల్వర్ లైన్ బస్సు. రైలు అడిగితే బస్సు ఇచ్చారన్న కినుక అక్కడ మిగిలిపోయింది.

ఇదే కాలంలో, 1969లో, షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే పరిశోధకురాలు ప్రజల పాత్రను ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణిస్తూ రాసిన వ్యాసం ప్రణాళికా శాస్త్ర విద్యార్థులకు ఇప్పటికీ పాఠ్యాంశమే. అడుగు మెట్టు మీద జనాన్ని మభ్యపెట్టడం, పై మెట్టు మీద జనం చేతికే అధికారం. సమాచారమివ్వడం, అభిప్రాయమడగడం ఆమె లెక్కలో నడిమి మెట్లే. అదే ఏడు బ్రిటన్‌లో స్కెఫింగ్టన్ కమిటీ కూడా ప్రణాళికల్లో ప్రజలకు చోటివ్వాలని సిఫార్సు చేసింది.

1991 డిసెంబరులో వచ్చిన ఉపరితల రవాణా చట్టం, సంక్షిప్తంగా ఐస్‌టీ, అమెరికాలో పరిస్థితిని మార్చింది. సెనేటర్ మొయినిహాన్ దాని ముఖ్య రూపకర్తల్లో ఒకరు. ప్రాంతీయ ప్రణాళికలు వేసే మహానగర ప్రణాళికా సంస్థలకు నిధుల ఎంపికలో నిజమైన పట్టు దొరికింది. ప్రజల సంప్రదింపులు ప్రణాళిక తొలి దశనుంచే మొదలవ్వాలన్న నియమాలు 1993లో వచ్చాయి. ప్రతి సంస్థా తన భాగస్వామ్య ప్రణాళికను విడిగా రాసుకోవాలని 2005 చట్టం అంది. అయినా ఈ సంస్థల్లో ఓట్లు స్థానిక ప్రభుత్వాల లెక్కన ఉండటంతో శివార్లకు బలమెక్కువ, నగర పేదలకు తక్కువ అన్న విమర్శ ఆగలేదు. లాస్ ఏంజెలెస్‌లో బస్సు ప్రయాణికుల సంఘం 1994లో కోర్టుకెక్కి, 1996లో పదేళ్ల ఒప్పందం రాయించుకుని మరీ బస్సుల్లో రద్దీ తగ్గించుకోవాల్సి వచ్చింది.

భారతదేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన పెద్ద రహదారులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేసింది. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహించే ఈ సభలు గీత గీశాక పెట్టేవే. రైలు, మెట్రో పథకాలు ఆ జాబితాలోనే లేవు. 2008లో హైదరాబాద్‌కు ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థ ఏర్పడింది గానీ, దాని అధ్యక్ష స్థానం ప్రధాన కార్యదర్శిది, సభ్యుల్లో ఎక్కువమంది అధికారులు. మెట్రో మార్గం ఖరారయ్యాకే సుల్తాన్‌బజార్ వ్యాపారులు రోడ్డెక్కారు. 2014లో అలైన్‌మెంట్ మారుస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పినా, చివరికి పాత దారినే ఖాయం చేసింది. ఆ బజారు మీదుగా మెట్రో 2020 ఫిబ్రవరిలో నడవడం మొదలైంది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా పాతబస్తీ ముక్క మాత్రం మొదటి దశలో కట్టకుండానే ఉండిపోయింది.