ఎండకు గొడుగు, సుఖవ్యాధికి అడ్డు

మనుష్య శరీరమునకు వెలుపలి నుండి వచ్చు కీడులలో రెండింటిని గూర్చి నేను ముచ్చటింపదలచితిని. ఒకటి ఎండ, అది అందరి యెదుట కాయును. రెండవది సుఖవ్యాధి, అది ఎవరికిని తెలియకుండ పట్టును. మొదటిదానిని గూర్చి రచ్చబండ మీద కూర్చుండి మాటాడుదుము. రెండవదానిని గూర్చి తండ్రి కొడుకుతో మాటాడడు, అత్త కోడలితో మాటాడదు. ఈ మౌనము రహస్యౌషధముల బేరగాండ్రకు పెట్టుబడియైనది. కొనువాడు ప్రశ్నించుటకు సిగ్గుపడు సరుకునకు ఎంత ధరయైనను చెప్పవచ్చును. అందేమి కలదో చెప్పనక్కరలేదు. ఈ చీకటి బేరములోనికి వెలుగు ఎట్లు ప్రవేశించెనో విన్నవించెదను.

ఎండ విషయమున మన గుంటూరు సీమవారికి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. ప్రత్తి తీయువారును, మిరపకల్లములలో కాయ ఆరబోయువారును తలపాగాయు, తాటాకు గొడుగును, చల్లకుండయు ఎరుగుదురు. ఆడకూలీలు చీరమీద మగవారి నిండుచేతుల చొక్కా తొడుగుకొనుట నేటికిని చూచుచున్నాము. దట్టముగా నేసిన బట్ట ఎండకు మంచి అడ్డు. మేనికి పూయు లేపములు తరువాత వచ్చినవి. ఆస్ట్రియా దేశస్థుడగు ఫ్రాంజ్ గ్రైటర్, లేపము చర్మమును ఎండదెబ్బ నుండి ఎంతవరకు కాపాడునో అంకెతో తెలుపు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. ముప్పది అని యున్నచో, చర్మమును కమలించు కిరణములలో సుమారు ముప్పదవ వంతు మాత్రమే లోనికి పోవునని అర్థము. అదియును దట్టముగా పూసి, చెమట పట్టినపుడు మరల పూసినప్పటి మాట.

ఇక రెండవ కీడు. సవాయికి పూర్వము రసకర్పూరము మ్రింగించెడివారు. రోగముకంటె ముందు పండ్లు కదలి చిగుళ్లు వాచెడివి. 1910లో జర్మనీ నుండి సాల్వర్సాన్ అను పాషాణపు మందు వచ్చెను. 1943లో అమెరికా వైద్యులు పెన్సిలిన్ సవాయిని కుదుర్చునని చూపిరి. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై యుండగా వెలువడిన ఆరియోమైసిన్‌ను 1948లో న్యూయార్కు నగరపు హార్లెం ఆసుపత్రిలో మొదట ప్రయోగించినదియు ఒక సుఖవ్యాధి మీదనే.

మంచి మందు పుట్టినంత మాత్రమున రోగికి చేరదు. సిగ్గు అడ్డముగా నిలుచును. అమెరికా నుండి 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ ఈ సంగతి గ్రహించెను. పురుష వైద్యునికి నాడి చూపుటకును వెరచు స్త్రీల కొరకు ఆమె పాటుపడగా 1898లో ఇచట ఆసుపత్రి తెరువబడెను. చెప్పుకొనుటకు తగిన మనిషి యున్నచో సిగ్గు కొంత తగ్గునని ఆ ఆసుపత్రి చూపినది.

సరుకునకు కట్టుబాటు ఇంకను ఆలస్యముగా వచ్చెను. 1930లో ప్రభుత్వము రామనాథ్ చోప్రాగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. కల్తీ మందులు, సత్తువలేని మందులు అంగళ్లలో విరివిగా నున్నవని ఆ సంఘము మరుసటి యేట నివేదించెను. దాని ఫలముగా 1940లో ఔషధముల చట్టము పుట్టెను. 1954 నాటి మరియొక చట్టము సుఖవ్యాధులను కుదుర్తుమని, కామశక్తిని పెంచుదుమని ప్రకటించుటను నిషేధించెను. 1962 సవరణచే ముఖమునకు పూయు లేపములును ఔషధముల చట్టము క్రిందికే వచ్చెను. ఆ విధముగా అందరి యెదుట పూయు లేపమునకును, చాటున మ్రింగు మాత్రకును ఒకే కాపలా ఏర్పడెను.

1968లో ప్రభుత్వము నిరోధ్ తొడుగులను మూడింటికి పదునైదు పైసలు చొప్పున, తేయాకు, సబ్బు అమ్ము పెద్ద కంపెనీల ద్వారా పల్లెటంగళ్లకు పంపెను. సంతాన నియమమునకై వచ్చిన ఆ వస్తువే తరువాత హెచ్.ఐ.వి.కి అడ్డయినది. ఆ వ్యాధి 1986లో మన దేశమున మొదట మద్రాసులో కనబడెను. 2004, 2005 సంవత్సరములలో గుంటూరు జిల్లా పల్లెలందును పట్టణములందును 12,617 మంది రక్తమును పరిశోధకులు పరీక్షించిరి. ఆ వ్యాధి నడివయస్సు లోపలి పెద్దలలో నూటికి 1.72 మందికి ఉన్నట్లు లెక్క తేలెను. ఆసుపత్రులకు వచ్చినవారిని చూచి వేసిన పూర్వపు అంచనా దీనికి రెట్టింపును మించియుండెను. మన జిల్లావారు చేయి చాచి రక్తమిచ్చుటచేతనే నిజము బయటపడినది.

ఇంతటి చరిత్ర నుండి నేను గ్రహించినది చిన్నమాట. పెట్టె మీద చేసినవాని పేరు, లైసెన్సు సంఖ్య, తయారైన తేది, గడువు తేది లేని సరుకును కొనరాదు. మేని రంగు తెల్లబరచునను లేపము ఎండకు రక్ష కాదు. అట్టివాటిలో కొన్నింట పాదరసము కలిపి అమ్మినవారు కలరు. తొడుగును ఎండలోను, జేబులోను నిలువయుంచిన చెడును; కొబ్బరినూనె గాని మరే నూనె గాని తగిలిన రబ్బరు బలహీనపడి చినుగును. సెగ, సవాయి అనుమానమున్నచో అంగటివాని మాత్ర కాక, ప్రభుత్వ వైద్యశాలలో పరీక్షయే మొదటి మందు. అచట హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితము, రోగి సంగతిని గుట్టుగా ఉంచవలెనని 2017 నాటి చట్టము శాసించుచున్నది.

రోగి పేరు గుట్టుగా ఉండవలసినదే. మందులోని వస్తువుల పేరు మాత్రము గుట్టుగా ఉండరాదు. పెద్దలగు మీరు ఈ భేదమును ఇంటిలోని యువకులకు ఒక్కసారి నోరు విప్పి చెప్పినచో, వారు సంతలో రహస్యౌషధమునకు అప్పు చేయవలసిన అగత్యముండదు.