ఒల్మనీ పాల లెక్క

చెర్నోబిల్ అనగానే మనకు ఖాళీ అయిపోయిన ప్రిప్యాత్ నగరం గుర్తొస్తుంది. ఊరు వదలకుండా ఉండిపోయిన వాళ్లూ లక్షల్లో ఉన్నారు. వాళ్ల చరిత్ర గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం.

బెలారుస్ దక్షిణాన స్తోలిన్ జిల్లాలో ఒల్మనీ అనే పల్లె ఉంది. 1986 ఏప్రిల్ 26న పేలిన రియాక్టర్‌కి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. చుట్టూ చిత్తడి నేలలు, అడవులు. అలాంటి నేలలో సీసియం-137 మట్టిని గట్టిగా పట్టుకుని ఉండదు. గడ్డిలోకి ఎక్కుతుంది, గడ్డి మేసిన ఆవు పాలలోకి వస్తుంది, అక్కణ్ణుంచి పిల్లల ఒంట్లోకి చేరుతుంది. అది సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది.

ప్రభుత్వం చెప్పినవన్నీ నిషేధాలే: అడవికి పోవద్దు, పుట్టగొడుగులు తినొద్దు. కానీ ఆ పల్లెకి అడవే వంటిల్లు, అడవే పొయ్యిలో కట్టె. అధికారులు వచ్చి కొలిచి వెళ్లిపోయేవారు. ఆ అంకెతో తల్లి ఇంట్లో ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు.

1996లో ఫ్రాన్స్ నుంచి 'ఎథోస్' అనే బృందం వచ్చింది. వాళ్లు ముందు ఊరివాళ్ల మాట విన్నారు. పిల్లల గురించి బెంగపడుతున్న తల్లుల చేతికే కొలిచే పరికరాలిచ్చారు. ఇల్లు, పెరడు, పొయ్యిలో బూడిద, పాలు అన్నీ కొలిచారు. అప్పుడు తెలిసింది, ఊళ్లో పాలన్నీ ఒకేలా లేవని. ఆవు ఎక్కడ మేసిందన్న దాన్నిబట్టి లెక్క మారుతోంది. అంటే పిల్లలకి ఏ పాలు పోయాలో ఎంచుకోవచ్చు. అడవి కట్టెల బూడిదని కూరగాయల మడిలో ఎరువుగా వేయకుండా ఉండొచ్చు. పదేళ్లుగా వినడమే తప్ప చేయడానికేమీ లేని మనుషులకి ఇది చిన్న విషయం కాదు.

దీనిపై గట్టి విమర్శే ఉంది. ఎథోస్‌లో ముఖ్య పాత్ర పోషించిన సంస్థలో ఫ్రెంచ్ అణు విద్యుత్ కంపెనీ కూడా సభ్యురాలే. విషం చిమ్మినవాళ్లు తప్పుకుని, దానితో సర్దుకుని బతకడం నేర్చుకోమని బాధితులకే చెబుతున్నారా? 'తట్టుకునే శక్తి' అన్న మాట వినబడ్డ ప్రతిచోటా ఈ ప్రశ్న వేయాల్సిందే.

అయినా ఆ పరికరాన్ని పక్కన పడేయలేం. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం జరిగింది. అదే ఏడాది నవంబర్‌లో ఇవాకి నగరంలో పౌరులే 'తరాచినే' అనే కొలత కేంద్రం తెరిచారు. అందులో తల్లులూ ఉన్నారు. అధికారిక అంకెలున్నా, తమ పిల్లల పళ్లెంలో ఏముందో తామే తెలుసుకోవాలనుకున్నారు.

కొలవడం తెలిసినంత మాత్రాన ఊరు విడిచివెళ్లే హక్కు, పరిహారం అడిగే హక్కు పోవు. ఆ హక్కుల కోసం వాదించేటప్పుడు కూడా సొంతంగా రాసిపెట్టుకున్న లెక్క చేతిలో ఉండాలి. ప్రమాదం జరిగాక ఆ పని మొదలుపెట్టడానికి ఒల్మనీకి పదేళ్లు పట్టింది, ఇవాకికి ఎనిమిది నెలలు.