ప్రసవం తర్వాత ఛారిటీ పరుగు: ఎప్పుడు, ఎలా?

ఏటా జనవరిలో జరిగే ముంబయి మారథాన్‌లో సుమారు 6 కిలోమీటర్ల ‘డ్రీమ్ రన్’కు వచ్చేవారిలో అనేకులకు గెలుపోటములతో పని లేదు. ఒక పాఠశాల కోసమో, ఆసుపత్రి కోసమో బంధుమిత్రుల నుంచి విరాళాలు సేకరించి, ఇచ్చిన మాట కోసం బరిలో దిగుతారు. ఇలా అలవాటుగా పరుగెత్తే మహిళకు బిడ్డ పుట్టినప్పుడు చిక్కు మొదలవుతుంది. పోటీ తేదీ ముందే ఖరారై ఉంటుంది, దాతలు డబ్బు ఇచ్చేసి ఉంటారు. దేహం మాత్రం ఆ క్యాలెండర్ ప్రకారం కోలుకోదు.

2019లో బ్రిటన్‌కు చెందిన ముగ్గురు ఫిజియోథెరపిస్టులు ఈ విషయంపై మార్గదర్శకాలు రూపొందించారు. ప్రసవమైన మూడు నెలల లోపు పరుగు వద్దని, మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదలుపెట్టవచ్చని, అదీ ఎలాంటి ఇబ్బందీ లేకుంటేనేనని వారు సూచించారు. ఆరు వారాలకు వైద్యులు ‘అంతా బాగుంది’ అంటే పరుగుకు అనుమతి దొరికినట్లేనని చాలామంది భావిస్తారు. ఆ పరీక్ష ఉద్దేశం వేరు. గాయం మానిందా, రక్తస్రావం ఆగిందా అన్నది చూడటమే అందులో ప్రధానం.

పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల ఒత్తిడి నేల నుంచి తిరిగి దేహంపై పడుతుంది. గర్భాశయాన్ని, మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కటి కండరాలు ఈ ఒత్తిడిని తట్టుకోవాలి. తొమ్మిది నెలల బరువుతో, ప్రసవంలో సాగుదలతో అవి బలహీనపడి ఉంటాయి. సిజేరియన్ అయితే పరుగుకు భయం లేదనుకోవడమూ పొరపాటే. కోత పడిన పొట్ట పొర ఆరు వారాలకు తన పూర్వ బలంలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే తిరిగి పొందుతుంది. ఆరేడు నెలలకు కూడా అది పూర్తిస్థాయికి చేరకపోవచ్చు.

సిద్ధంగా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. అరగంట ఆగకుండా నడవడం, ఒంటికాలిపై 10 సెకన్లు నిలబడటం, అదే కాలిపై 10 గుంజీలు తీయడం, ఉన్నచోటే ఒక నిమిషం జాగింగ్ చేయడం, తొక్కుడు బిళ్ల ఆటలోలా ఒక్కో కాలిపై 10 సార్లు గెంతడం చేసి చూడవచ్చు. వీటిలో ఎక్కడైనా నొప్పి వచ్చినా, మూత్రం జారినా, పొత్తికడుపు కింద ఏదో బరువుగా వేలాడుతున్నట్లు అనిపించినా ఆగి ఫిజియోథెరపిస్టును సంప్రదించాలి. మూత్రం జారడాన్ని ‘కాన్పు తర్వాత మామూలే’ అని పెద్దలు సర్దిచెబుతుంటారు. అది తరచుగా కనిపించేదే గానీ, భరించాల్సింది కాదు. వ్యాయామంతో చాలావరకు తగ్గుతుంది. సిగ్గుతో దాచిపెట్టి, ప్యాడ్ పెట్టుకుని పరుగెత్తడమే నష్టం.

భారత్‌లో మరో అంశాన్నీ చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పులో పోయిన రక్తం దీనికి తోడవుతుంది కాబట్టి, సాధన మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్ పరీక్ష మంచిది. తెలుగు ఇళ్లలో బాలింతకు పథ్యం పేరుతో నీళ్లు తగ్గించి ఇచ్చే ఆచారం ఇంకా అక్కడక్కడా ఉంది. పాలిచ్చే తల్లికి అది మేలు చేయదు, పాలిస్తూ చెమటోడ్చే తల్లికి మరీ హాని. మితమైన వ్యాయామం వల్ల పాలు తగ్గుతాయన్న భయానికి మాత్రం ఆధారం లేదు. పరుగుకు ముందు బిడ్డకు పాలిచ్చి వెళితే తల్లికీ హాయిగా ఉంటుంది.

బ్రిటన్ క్రీడాకారిణి పౌలా రాడ్‌క్లిఫ్ 2007 జనవరిలో బిడ్డను కని, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచారు. ఈ ఉదాహరణను తరచూ చెబుతుంటారు. ఆమె అప్పటికే మారథాన్‌లో ప్రపంచ రికార్డు ఉన్న వృత్తి క్రీడాకారిణి అన్న సంగతి మరవకూడదు. సాధారణ మహిళల స్థితికి దగ్గరగా ఉన్నది 2018లో సోఫీ పవర్ ఫొటో. మోబ్లాఁ పర్వతం చుట్టూ సాగే దాదాపు 170 కిలోమీటర్ల పరుగులో, మధ్యలో ఆగి మూడు నెలల కొడుకుకు పాలిస్తున్న దృశ్యమది. గాయపడితే పోటీ స్థానాన్ని వాయిదా వేసుకునే వీలున్నా, గర్భిణికి అప్పట్లో ఆ వీలు లేదు. ఆ ఫొటో తర్వాత ఈ నిబంధనలపై చర్చ పెరిగింది. ఇప్పుడు లండన్, బోస్టన్ మారథాన్లు గర్భిణులకు, కొత్త తల్లులకు వాయిదా అవకాశం ఇస్తున్నాయి.

కాబట్టి పేరు నమోదు చేసుకునే ముందే వాయిదా, బదిలీ, తక్కువ దూరానికి మార్పు వంటి నిబంధనలు చదువుకోవాలి. విరాళం సాధారణంగా స్వచ్ఛంద సంస్థకే చేరుతుంది, పరుగు పూర్తిచేయలేదని వెనక్కి పోదు. దాతలకు ‘ఈసారి 21 కిలోమీటర్లు కాదు, 5 కిలోమీటర్లు, అదీ నడక’ అని ముందుగా ఒక సందేశం పంపితే చాలు. తొలిసారి బరిలోకి తిరిగి వచ్చేవారికి సమయం లెక్కించని చిన్న పరుగులే అనువు. శిక్షణ కూడా ఒకటి రెండు నిమిషాల పరుగు, మధ్యలో నడకతో మొదలుపెట్టి, ముందు దూరాన్ని, ఆ తర్వాతే వేగాన్ని పెంచుకుంటూ పోవాలి. రాత్రి బిడ్డ నిద్రపోనివ్వకపోతే, ఉదయం పరుగును మానుకోవచ్చు.