చీకటి గదిలో మూడు దీపాలు

ఇబ్నుల్ హైసమ్ పేరు వినని ముస్లిం విద్యార్థి అరుదు. మన సభల్లో, పాఠశాలల వార్షికోత్సవాల్లో ఆయన పేరు సగర్వంగా స్మరిస్తూ ఉంటాం. కెమెరాను కనిపెట్టింది ఆయనేనని ఉపన్యాసకులు చెబుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు. కాని ఆ పిల్లల్లో ఎందరు ఆయన చేసిన ప్రయోగాల్లో ఒక్కటైనా తమ చేతులతో చేసి చూశారు? ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్ క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించారు. ఆయన ప్రధాన గ్రంథం 'కితాబుల్ మనాజిర్' ఏడు భాగాలు. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువులను తాకడం వల్లనే చూపు కలుగుతుందని అంతకు పూర్వం యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు పండితులు భావించారు. వస్తువుల నుండి కాంతి వచ్చి కంటిలో ప్రవేశించడం వల్ల చూపు కలుగుతుందని ఇబ్నుల్ హైసమ్ నిరూపించారు. అయితే ఇక్కడ ఒక సందేహం తలెత్తుతుంది. ఎన్నో వస్తువుల కాంతులు ఒకే చిన్న కంటిపాప గుండా పోయేటప్పుడు ఒకదానితో ఒకటి కలిసిపోవా? కలిసిపోతే దేనికది విడిగా ఎలా కనబడుతుంది?

దీనికి సమాధానం ఆయన వాదంతో సరిపెట్టలేదు, దీపాలతో చూపించారు. ఒక రంధ్రానికి ఎదురుగా, వేర్వేరు చోట్ల, కొన్ని దీపాలు ఉంచాలి. రంధ్రానికి అవతల చీకటి; ఆ చీకటిలో ఒక గోడ. గోడమీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని కప్పితే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుంది. మూత తీస్తే తిరిగి వస్తుంది. కాంతులన్నీ ఒకే రంధ్రంలో కలుసుకొని కూడా కలిసిపోలేదన్నమాట!

ఈ ప్రయోగానికి ప్రయోగశాల అక్కరలేదు. పెద్ద అట్టముక్క మధ్యలో శనగగింజ పాటి రంధ్రం చేసి నిలబెట్టండి. దానికి రెండడుగుల దూరంలో మూడు కొవ్వొత్తులను అరడుగు ఎడంగా వరుసలో ఉంచండి. అట్టకు ఇవతల అడుగు దూరంలో తెల్లకాగితం పెట్టి, గదిలోని ఇతర దీపాలన్నీ ఆర్పండి. పెద్దలు దగ్గరుండాలి. ఎడమ కొవ్వొత్తిని కప్పితే ఏ మచ్చ పోతుందో పిల్లలను ముందుగా చెప్పమనండి. చాలామంది ఎడమది అంటారు, పోయేది కుడివైపుది. ఎందుకో ఉపాధ్యాయుడు వెంటనే చెప్పకూడదు. కొవ్వొత్తి నుండి రంధ్రం గుండా కాగితం దాకా ఒక దారం లాగి పట్టుకుంటే పిల్లలే గ్రహిస్తారు.

ఇక కెమెరా మాట. చిన్న రంధ్రం గుండా బింబం తలకిందులుగా పడుతుందన్న సంగతి క్రీస్తుకు పూర్వమే చైనాలో మోజీ సంప్రదాయం వారు వ్రాసి ఉంచారు. కనుక ఆ ఘనతను ఇబ్నుల్ హైసమ్‌కు అంటగట్టనవసరం లేదు. ఒక అభిప్రాయాన్ని ఎలా పరీక్షించాలో చూపడం ఆయన అసలు ఘనత. టాలెమీ గ్రంథాలపై సందేహాలు లేవనెత్తుతూ ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాసిన వ్యక్తి, తన గురించి పరీక్షించని పొగడ్తను మెచ్చుకుంటారా?

ఆయన ఈ పరీక్షకు వాడిన అరబీ పదం 'ఇతిబార్'. మద్రసాలో నేను దాన్ని 'గుణపాఠం గ్రహించడం' అనే అర్థంలో చదువుకున్నాను. ఇంట్లో ఉర్దూలో అది 'నమ్మకం'. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివేటప్పుడు ఆ పదం నాకు ఒక్కసారీ గుర్తు రాలేదు. క్రీ.శ. 1200 ప్రాంతంలో ఈ గ్రంథాన్ని లాటిన్‌లోకి మార్చినవారు దాన్ని 'ఎక్స్‌పెరిమెంటమ్' అనే పదంతో అనువదించారని తెలిసినప్పుడు, నేను విడివిడిగా చదివిన రెండు చదువులు ఒక్కచోట కలిసినట్లు తోచింది. తెలుగులో 'ప్రయోగం' అంటే సరిపోతుంది గాని, 'చూసి, పరీక్షించి, గ్రహించడం' అన్న పూర్తి అర్థం అందులో రాదు.

ఈ వారసత్వం మనకు దూరమైనదేమీ కాదు. 'కితాబుల్ మనాజిర్' పై కమాలుద్దీన్ ఫారిసీ (మరణం క్రీ.శ. 1319 ప్రాంతం) వ్రాసిన 'తన్‌ఖీహుల్ మనాజిర్' ను 1928–30 మధ్య రెండు సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. నీరు నింపిన గాజుగోళాన్ని వానచినుకుకు మారుగా తీసుకొని, ఇంద్రధనుస్సు రహస్యాన్ని ఛేదించినవారు ఈ ఫారిసీయే. హైదరాబాదు అచ్చుయంత్రం ఆ పుటలను లోకానికి అందించింది. వాటిలోని పనిని మన పిల్లల చేతికి అందించే బాధ్యత మనమీద మిగిలి ఉంది.

వచ్చే వార్షికోత్సవంలో ఇబ్నుల్ హైసమ్ మీద ఒక ఉపన్యాసం తగ్గించి, మూడు కొవ్వొత్తులు వెలిగిద్దాం. పెద్దవారి పేరు తలచుకోవడం సులువు. వారు నడిచిన దారిలో నాలుగడుగులు వేయించడమే ఉస్తాద్ పని.